అమడల తండ్రి

ఉద్దేశం: శిశుపోషణ తల్లి ధర్మమనీ, తండ్రి బాధ్యత సంపాదనతో తీరుతుందనీ తలచే అలవాటు సమాజంలో చిరకాలంగా ఉంది. ఒకే కాన్పులో ఇద్దరు బిడ్డలు కలిగిన ఇంట ఆ అలవాటు ఎక్కువ కాలం నిలవదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల నేపథ్యంలో, నడక నేర్చే వయసులోని కవలలను పెంచే తండ్రి దినచర్యను, దానితో ముడిపడిన శాస్త్రీయ, సామాజిక విషయాలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

కవలలనగానే తెలుగువారి మనసులో మొదట మెదిలేవి లవకుశుల పేర్లు. ఉత్తర రామాయణ గాథగా, హరికథగా, నాటకంగా, 1963లో విడుదలైన చలనచిత్రంగా ఆ బాలుర కథ పల్లెపల్లెకూ చేరింది. అయితే ఆ కథలో ఒక విశేషం సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు. లవకుశులు తండ్రి చేతుల్లో పెరగలేదు. వారికి తొలి పలుకులు నేర్పింది సీత. విద్య గరపింది వాల్మీకి. శ్రీరాముడు వారిని చూసే నాటికే వారు వీణ చేతబట్టి రామకథను గానం చేయగల బాలురు. మహాభారతంలోని కవలలు నకుల సహదేవుల స్థితి కూడా ఇంతే. వారు పసివారుగా ఉండగానే పాండురాజు మరణించాడు. మాద్రి సహగమనం చేసింది. ఆ ఇద్దరినీ కుంతి తన బిడ్డలతో సమానంగా పెంచింది. రెండు ఇతిహాసాల్లోని రెండు కవల జంటలకూ తండ్రి వంశనామం లభించింది గాని, తండ్రి పెంపకం లభించలేదు. ఏడుస్తున్న ఇద్దరు పసివాళ్ళను రెండు భుజాలపై వేసుకొని ఇంట్లో పచార్లు చేసే తండ్రి ఆ కథల్లో కనిపించడు. అతణ్ణి చూడాలంటే మామూలు ఇళ్ళలోనే వెతకాలి.

కవలలను తెలుగులో అమడలని కూడా అంటారు. సంస్కృతంలో యమళులు. జంటగా అతుక్కొని పెరిగిన అరటిపండు తింటే కవలలు పుడతారనే నమ్మకం గోదావరి జిల్లాల్లో నేటికీ వినిపిస్తుంది. గర్భిణి చేతిలో అటువంటి పండు పడకుండా పెద్దలు జాగ్రత్త పడతారు. పండుకూ గర్భానికీ సంబంధం లేదని జీవశాస్త్రం చెబుతుంది. ఫలదీకరణం చెందిన ఒకే అండం రెండుగా చీలితే పోలికలు ఒక్కటిగా ఉన్న కవలలు కలుగుతారు. రెండు అండాలు వేరువేరుగా ఫలదీకరణం చెందితే కలిగే బిడ్డలు ఒకే వేళ పుట్టిన అక్కాతమ్ముళ్ళో, అన్నదమ్ములో మాత్రమే. వారికి పోలికలు కలవాలన్న నియమం లేదు. తల్లి వయసు, తల్లివైపు వంశం, సంతాన సాఫల్య చికిత్సలు ఈ రెండవ రకం కవలలు కలగడానికి కారణాలవుతాయి. 2021లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 16 లక్షల కవల జంటలు జన్మిస్తున్నాయి. పుట్టే ప్రతి 42 మంది శిశువుల్లో ఒకరు కవల. తూర్పు గోదావరి జిల్లా రంగంపేట మండలంలోని దొడ్డిగుంట గ్రామం కవలలు ఎక్కువగా ఉన్న ఊరుగా పత్రికల కెక్కింది. ఊరి బావి నీటిలోనే మహిమ ఉందని అక్కడ కొందరి విశ్వాసం. ఆ విశ్వాసానికి శాస్త్ర నిరూపణ లేదు. అయినా ఆ నీటికోసం వెళ్ళినవారికి బిడ్డలను కనాలన్న ఆరాటమే గాని, ఇద్దరిని ఒకేసారి పెంచడమెలాగన్న ఆలోచన అప్పటికి ఉండదు.

ఏలూరు పట్టణంలో తమ్మిలేరు గట్టుకు సమీపాన అద్దె ఇంట నివసించే ఒక కుటుంబాన్ని ఊహించవచ్చు. తండ్రి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. తల్లి ఏలూరులోనే ఒక ఆసుపత్రిలో నర్సు. నెలలో కొన్నాళ్ళు రాత్రి విధులు. తల్లి పుట్టిల్లు కొల్లేటి లంక గ్రామం. ఇంట్లో మోకాళ్ళ నొప్పులతో బాధపడే నాయనమ్మ. వారికి పద్దెనిమిది నెలల కవలలు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. ఈ కుటుంబం కల్పితం. ఇటువంటి ఇళ్ళు మాత్రం కల్పితం కావు.

కవలల్లో సగానికి పైగా నెలలు నిండకముందే, అంటే 37 వారాల లోపే పుడతారు. అందువల్ల తక్కువ బరువు, ఒంటిలో వేడి నిలవకపోవడం, పాలు చప్పరించే శక్తి లేకపోవడం వంటి ఇబ్బందులు తొలి దినాల్లోనే ఎదురవుతాయి. 1978లో కొలంబియా దేశ రాజధాని బొగోటాలో ఎడ్గర్ రే అనే వైద్యుడు, శిశువులను ఉంచే వెచ్చని పెట్టెలు చాలక, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టి ఉంచే పద్ధతిని ప్రవేశపెట్టాడు. కంగారూ తన పిల్లను సంచిలో దాచుకున్నట్లు ఉంటుంది గనుక దానికి కంగారూ సంరక్షణ అని పేరు వచ్చింది. బిడ్డ ఒక్కటే అయితే తల్లి ఒడి చాలు. ఇద్దరైనప్పుడు రెండవ ఒడి కావాలి. వెచ్చదనం ఇవ్వడానికి తండ్రి ఛాతీ పనికివస్తుందని వైద్యులు అనుభవంతో కనుగొన్నారు. ఈ ఇంట కూడా తండ్రి చొక్కా విప్పి, ఆస్పత్రి కుర్చీలో గంటల తరబడి కదలక కూర్చున్నది ఆ రోజుల్లోనే. అతడు తండ్రి అయినది బారసాలనాడు కాదు, ఆ కుర్చీలో.

ఉదయం ఆరు గంటలు. తల్లి ఇంకా ఆసుపత్రి నుండి రాలేదు. పిల్ల లేచింది, పిల్లవాడు నిద్రపోతున్నాడు. పిల్ల ఏడుపుకు పిల్లవాడు లేవకముందే పాలు కాగాలి. ఒక చేత్తో పిల్లను నడుముకు ఎక్కించుకొని, రెండవ చేత్తో పొయ్యి వెలిగించడం చాలా ప్రమాదం గనుక, నాయనమ్మను లేపి పిల్లను అప్పగిస్తాడు. ఇంతలో పిల్లవాడు లేస్తాడు. తల్లి కనిపించక ఏడుస్తాడు. అతణ్ణి చూసి పిల్ల మళ్ళీ ఏడుస్తుంది. నాయనమ్మ ఒకరిని మాత్రమే ఎత్తుకోగలదు. “ఒరేయ్, మీ నాన్న మిమ్మల్ని ఎత్తుకోగా నేనెన్నడూ చూడలేదురా. మగవాడివి నీకెందుకు ఈ చాకిరీ, కోడలు వచ్చాక చూసుకుంటుందిలే” అంటుంది ఆమె. ఆ మాటలో కొడుకుపై జాలి ఉంది. తన యౌవనంలో తనపై ఎవరూ చూపని జాలి కూడా ఉందేమో. అతడు బదులు చెప్పడు. పాలగిన్నె దించుతాడు.

తరువాత స్నానం. పసిబిడ్డలకు ఒళ్ళంతా నూనె రాసి, సున్నిపిండితో నలిచి, కాళ్ళపై పడుకోబెట్టుకొని నీళ్ళు పోయడం ఆంధ్రదేశంలో తరతరాల అలవాటు. అది చూడడానికి సులువు. నూనె రాసిన పద్దెనిమిది నెలల బిడ్డ కొర్రమీను వలె చేతిలో నిలవదు. ఒకరికి నీళ్ళు పోస్తున్నంతసేపూ రెండవవారు కనుచూపులో ఉండాలి. నీళ్ళ బకెట్టుకు దూరంగా ఉండాలి. బకెట్టులోని జానెడు లోతు నీరైనా పసివారి ప్రాణానికి ముప్పే. అందుచేత ఆ ఇంట స్నానాల గదిలో బకెట్టు ఎప్పుడూ బోర్లించి ఉంటుంది. ఎవరికి ముందు స్నానమన్న తగవును తండ్రి ఒక పద్ధతితో తీర్చాడు. సోమవారం పిల్లకు ముందు. మంగళవారం పిల్లవాడికి ముందు. ఆ వరుస అన్నానికీ వర్తిస్తుంది.

ఈ వరుస చిన్న విషయంగా తోచవచ్చు. ఆడపిల్ల, మగపిల్లవాడు కవలలుగా ఉన్న ఇంట మొదటి ముద్ద ఎవరి నోటికి వెళ్తుందన్న ప్రశ్న చిన్నది కాదు. ఒకే వయసు, ఒకే ఇల్లు, ఒకే గిన్నె. ఇద్దరి మధ్య భేదం కనబడితే దానికి పేదరికాన్నిగాని, వయసునుగాని సాకుగా చూపడానికి వీలులేదు. పిల్లవాడు ముద్ద పూర్తిగా మింగకముందే మళ్ళీ నోరు తెరుస్తాడు. పిల్ల మెల్లగా నమిలి, ఆటలో పడి, మరచిపోతుంది. చూసేవారు “పిల్లవాడికి ఆకలి ఎక్కువ, పిల్ల సరిగా తినదు” అంటారు. ఒక గిన్నెలో కలిపిన మెత్తని పప్పన్నం, నెయ్యి, ఉడికించిన గుడ్డు మొదట నోరు తెరిచినవారికే ఎక్కువగా చేరుతాయి. ఈ సంగతి గ్రహించిన తండ్రి రెండు గిన్నెలు పెట్టాడు. నెలకొకసారి అంగన్‌వాడీ కేంద్రంలో తూకం వేయించి, ఇద్దరి బరువులనూ పెరుగుదల పట్టికల్లో వేరువేరుగా గుర్తింపజేస్తాడు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైన నాటి నుండి దేశమంతటా ఇటువంటి కేంద్రాల్లో బరువులు తూచడం జరుగుతున్నది. పిల్లతో పిల్లవాణ్ణి పోల్చడం అక్కడి పట్టిక ఉద్దేశం కాదు. ఎవరి గీత వారిదే. ఇరుగుపొరుగుకు మాత్రం పోలికే కావాలి. “వాడు పరుగెత్తుతున్నాడే, ఇదింకా పట్టుకొని నడుస్తోందే” అని వీధిలో కనీసం ఇద్దరైనా అనని రోజు లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వయసును రెండేళ్ళ వరకు, పుట్టిన తేదీ నుండి గాక, పుట్టవలసిన తేదీ నుండి లెక్కించాలని వైద్యులు చెబుతారు. వీధిలో ఆ లెక్క ఎవరికీ తెలియదు.

తాగునీటి సంగతి ఏలూరు తల్లిదండ్రులకు మరొక చింత. 2020 డిసెంబరులో ఆ పట్టణంలో ఆరు వందల మందికి పైగా హఠాత్తుగా మూర్ఛ, తల తిరుగుడు వంటి లక్షణాలతో ఆసుపత్రి పాలయ్యారు. నీటిలోనో, ఆహారంలోనో చేరిన లోహాలపైన, పురుగుమందుల అవశేషాలపైన పరిశోధకుల అనుమానం నిలిచింది. నీటిని మరిగిస్తే క్రిములు నశిస్తాయి. లోహాలు, పురుగుమందులు పోవు. ఇది తెలిసిన తండ్రికి నీళ్ళబిందె మీది మూత కూడా ధైర్యం ఇవ్వదు. అయినా మరిగించడం మానడు; అది తన చేతిలో ఉన్న పని.

ఎనిమిది గంటలకు తల్లి వస్తుంది. రాత్రంతా మేలుకొన్న ఆమెకు పిల్లలను అప్పగించి అతడు రైలుస్టేషనుకు పరుగెత్తుతాడు. దెందులూరు, భీమడోలు, పూళ్ళ మీదుగా తాడేపల్లిగూడెం సుమారు 50 కిలోమీటర్లు. పెట్టెలో సీటు దొరికితే కూర్చొని నిద్రపోతాడు. దొరకకపోతే నిలబడి నిద్రపోతాడు. తోటి ప్రయాణికులకు అతని చొక్కా భుజంపై ఎండిన పాలచారిక కనిపిస్తుంది. మార్కెట్లో లారీల నుండి దిగే బస్తాల తూకం, వేలం, చిట్టా, బాకీల లెక్క. ఆలస్యమైతే జీతంలో కోత.

ప్రభుత్వోద్యోగి అయి ఉంటే బిడ్డలు పుట్టినప్పుడు అతనికి సెలవు దొరికేది. కేంద్ర ప్రభుత్వం 1997లో తన పురుష ఉద్యోగులకు 15 రోజుల పితృత్వపు సెలవు మంజూరు చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2005లో తన ఉద్యోగులకు అదే సదుపాయం కల్పించింది. బిడ్డ ఒక్కటైనా, ఇద్దరైనా ఆ పదిహేను రోజులే. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం తల్లికి 26 వారాల సెలవు ఇచ్చింది. ఆ చట్టంలో తండ్రి ప్రసక్తి లేదు. మార్కెట్ గుమాస్తాకు, ఆటో తోలేవాడికి, చేపల చెరువు మీది కాపలాదారుకు సెలవు అనేది యజమాని దయ, లేదా ఆనాటి కూలి నష్టం. స్వీడన్ దేశం 1974లోనే తల్లిదండ్రు లిరువురిలో ఎవరైనా వాడుకోగల సెలవును చట్టంగా చేసింది. తండ్రి బిడ్డను ఎత్తుకోకపోవడానికి మనసు లేకపోవడమొక్కటే కారణం కాదని, వ్యవధి లేకపోవడం కూడా కారణమని ఆ దేశం అర్ధశతాబ్దం క్రితమే గుర్తించింది. అయితే వ్యవధి ఉన్నవారంతా ఎత్తుకుంటున్నారా అంటే అదీ లేదు. 2024లో భారత ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, 15 నుండి 59 ఏళ్ళ మధ్య వయసు స్త్రీలలో 41 శాతం ఇంటివారి సంరక్షణలో పాల్గొంటూ రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. పురుషుల్లో పాల్గొన్నవారు 21.4 శాతం, వారు వెచ్చించినది 74 నిమిషాలు. ఐదుగురిలో నలుగురు పురుషులు ఆ రోజు ఏ బిడ్డ ముక్కూ తుడవలేదు, ఏ ముసలివారికీ మందు ఇవ్వలేదన్నమాట.

సాయంకాలం అతడు తిరిగి వచ్చేసరికి ఇద్దరూ గుమ్మంలో ఉంటారు. ఇద్దరికీ ఒకే క్షణంలో ఎత్తుకోబడాలని ఉంటుంది. మనిషికి రెండు చేతులు ఉన్నందుకు అతడు సంతోషించే వేళ అది.

కవలలకు మాటలు కొంత ఆలస్యంగా రావడం కద్దు. నెలలు నిండకపోవడం ఒక కారణం. పెద్దల మాట ఒక్కొక్కరికి చేరవలసినంత చేరకపోవడం మరొక కారణం. ఒంటరి బిడ్డతో తల్లి కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది. కవలలతో పెద్దలు ‘మీరు’ అనే బహువచనంలో మాట్లాడుతారు. “రండి, తినండి, పడుకోండి, అల్లరి చేయకండి” అనే ఆజ్ఞలే ఎక్కువ. బిడ్డకు తన పేరుతో పిలుపు, తన చేతిలోని వస్తువుకు పేరు, తన ప్రశ్నకు జవాబు తక్కువ. కొందరు కవలలు తమలో తాము పెద్దలకు అర్థంకాని మాటలతో సంభాషించుకొంటారు. చూడ ముచ్చటగా ఉన్నా, అది ఒకరి తప్పు పలుకును మరొకరు అనుకరించడం వల్ల కలిగేదేనని పరిశోధకులు భావిస్తారు. ఈ ఇంట కూడా ఇద్దరూ నీళ్ళను ‘బూ’ అంటారు. ఒకరు ‘బూ’ అంటే మరొకరు చెంబు వైపు చూపుతారు. మూడో మనిషితో పనిలేదు.

ఇందుకు తండ్రి కనుగొన్న ఉపాయం కిరాణా కొట్టు. ప్రతి సాయంత్రం ఒక్కరినే వెంటబెట్టుకొని కొట్టుకు వెళ్తాడు, మరునాడు రెండవవారు. దారిలో కనిపించినదానికల్లా పేరు చెబుతాడు. “అది గేదె. గేదె ఏమి తింటోంది? గడ్డి తింటోంది.” పది నిమిషాల నడకకు అరగంట పడుతుంది. ఇంట్లో మిగిలిన బిడ్డ గుండెలు పగిలేలా ఏడుస్తుంది. ఆ ఏడుపు వీధి మలుపు వరకు వినిపిస్తుంది. వెనుదిరగాలనిపించినా అతడు వెనుదిరగడు. రేపటి వంతు ఆ బిడ్డది. నాయనమ్మకు ఈ పద్ధతి నచ్చదు. కలిసి పుట్టినవారిని విడదీయరాదని ఆమె మతం. పిల్ల ‘గేదె’ అని మొదటిసారి స్పష్టంగా పలికిన నాడు మాత్రం ఆమెయే ఇరుగుపొరుగులకు చెప్పి వచ్చింది.

ఏలూరును చీల్చుకొని పారే తమ్మిలేరు దక్షిణంగా సాగి కొల్లేటిలో కలుస్తుంది. ఆదివారం ఈ కుటుంబ ప్రయాణం కూడా ఆ దారినే. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ వెలసిన కొల్లేరు దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి. వాగుల నీటిని తనలో నింపుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి విడుస్తుంది. 1999లో దానిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. లంక గ్రామాల్లో ఇంటి పెరటి నుండే నీరు మొదలవుతుంది. ఒకవైపు కాలువ, ఒకవైపు చేపల చెరువు, నడుమ సన్నని గట్టు.

తాతయ్య, అమ్మమ్మల ఇంట పిల్లలకు పండుగ, తండ్రికి పరీక్ష. ఇద్దరూ ఒకే దిక్కుకు పరుగెత్తితే పట్టుకోవచ్చు. కవలలు ఒకే దిక్కుకు పరుగెత్తరు. పిల్లవాడు బాతుల వెంట, పిల్ల మేకపిల్ల వెంట. ఎటు చూసినా నీరే. ప్రపంచవ్యాప్తంగా నీట మునిగి మరణించేవారి రేటు ఒకటి నుండి నాలుగేళ్ళ వయసు పిల్లల్లోనే అత్యధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ మరణం నిశ్శబ్దంగా సంభవిస్తుంది, కేక ఉండదు. కొల్లేరు వలెనే నీటి నడుమ పల్లెలున్న బంగ్లాదేశ్‌లో ఈ విషయాన్ని లోతుగా పరిశీలించారు. ఉదయం తొమ్మిది గంటల నుండి మధ్యాహ్నం ఒంటిగంట వరకు, తల్లులు ఇంటి పనుల్లో మునిగి ఉండే వేళలోనే పసివారు ఎక్కువగా చెరువుల పాలవుతున్నారని తేలింది. అక్కడ ఊరూరా ఆ నాలుగు గంటల కోసం శిశు సంరక్షణ కేంద్రాలు నెలకొల్పారు. కంచె కాదు, మందు కాదు. ఆ వేళకు ఒక పెద్దమనిషి కళ్ళు వారిపై ఉండడమే చికిత్స. అత్తవారింటికి వచ్చిన అల్లుడు సాధారణంగా మంచంపై కూర్చొని మర్యాదలు అందుకోవాలి. ఈ అల్లుడు పంచె ఎగగట్టి గట్టు వెంట పరుగులు తీస్తుంటే, మొదట్లో నవ్విన మామగారు తరువాత పెరటివైపు వెదురు దడి కట్టించారు. ఆయనకు చిన్ననాట చెరువు పాలైన ఒక తమ్ముడు ఉండేవాడట. ఆ మాట దడి కట్టిననాడు గాని ఆయన నోట రాలేదు.

కైకలూరు సమీపంలోని ఆటపాక పక్షి కేంద్రం కొల్లేటి యాత్రికు లందరూ చూసే చోటు. శీతకాలంలో గూడబాతులు అక్కడి చెట్లపైన, అటవీశాఖ అమర్చిన ఇనుప మంచెలపైన గుంపులుగా గూళ్ళు కడతాయి. ఆడ, మగ పక్షులు రెండూ వంతులవారీగా సుమారు నెల రోజులు గుడ్లు పొదుగుతాయి; పిల్లలు పుట్టాక రెండూ చేపలు తెచ్చి పెడతాయి. పిల్ల తన తలను తల్లి లేక తండ్రి ముక్కు సంచిలో దూర్చి ఆహారం అందుకొంటుంది. దూరం నుండి చూసేవారికి ఆ వచ్చినది తల్లియో తండ్రియో తెలియదు. తామరాకులపై నడిచే పొడవుతోక జకానా పక్షుల్లో ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. పొదగడం, పిల్లలను కాయడం అంతా మగదే. కొల్లేటి జాలరులకు బాగా తెలిసిన కొర్రమీను విషయంలోనూ మగచేప గూటిని కాపలా కాస్తుంది. ఎర్రని పిల్లల గుంపు నీటిపై తేలియాడుతుంటే ఆ కిందనే పెద్దచేప ఉంటుంది. ఇవన్నీ చూసి మనుషులు బుద్ధి తెచ్చుకోవాలని చెప్పడం సులభం. పక్షికి ప్రకృతి వేరొక మార్గం ఉంచలేదు, మనిషికి ఉంచింది. తప్పించుకొనే వీలుండి కూడా నిలబడిన తండ్రిని జకానాతో పోల్చితే అతని పనికి తగిన విలువ ఇచ్చినట్లు కాదు.

అయినా మనిషి దేహం కూడా ఈ పనికి స్పందిస్తుంది. ఫిలిప్పీన్స్ దేశంలోని సెబూ నగర ప్రాంతంలో యువకులను కొన్నేళ్ళపాటు పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనంలో, తండ్రులైన వారి రక్తంలో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను తగ్గినట్లు, రోజుకు మూడు గంటలు లేదా అంతకుమించి బిడ్డల పనిలో గడిపేవారిలో అది మరింత తక్కువగా ఉన్నట్లు తేలింది. మధ్య ఆఫ్రికా అడవుల్లోని ఆకా జాతి తండ్రులు రోజులో దాదాపు సగం సమయం తమ శిశువుకు చేయి చాచితే అందేంత దూరంలోనే గడుపుతారని మానవశాస్త్రవేత్త బ్యారీ హ్యూలెట్ నమోదు చేశాడు. వేటకు వల పన్నే చేతులే అక్కడ బిడ్డను జోకొడతాయి. నాయనమ్మ చెప్పే ‘మగవాడి ధర్మం’ అన్ని దేశాల్లో, అన్ని కాలాల్లో ఒకే తీరుగా లేదు.

రాత్రి తొమ్మిది దాటింది. తల్లి మళ్ళీ విధులకు వెళ్ళింది. చాప మీద ముగ్గురు. పిల్లకు తండ్రి చెవి పట్టుకొంటేగాని నిద్ర పట్టదు. పిల్లవాడికి కడుపుపై పడుకొంటేగాని నిద్ర పట్టదు. కదిలితే ఇద్దరూ లేస్తారు. కనుక దీపం ఆర్పవలసి ఉన్నా, దాహం వేస్తున్నా అతడు కదలడు. రేపు పిల్లకు ముందు స్నానం. కొట్టుకు పిల్లవాడి వంతు. టీకా చీటీ చొక్కా జేబులో ఉంది. పిల్లవాడి ఒళ్ళు కాస్త వెచ్చగా తోచింది. అరచేయి ఒకరి నుదుట ఉంచి, అదే అరచేయి మరొకరి నుదుట ఉంచి పోల్చి చూశాడు. పోలిక పనికివచ్చిన సందర్భం అదొక్కటే. జ్వరం లేదు.

పదకొండు గంటలకు దిండు కింద ఫోను చిన్నగా కదిలింది. వార్డులో టీ తాగే వ్యవధి దొరికి భార్య పలకరిస్తున్నది.

“పడుకున్నారా అండీ?”

అతడు గొంతు తగ్గించి బదులిచ్చాడు. “ఒకరు.”